దూరపు నీళ్ళలో ఉన్నామె

నమోదు 1
బహుళ తదియ

నీటి యంత్రం ఈరోజు నాలుగు వందల పన్నెండు బిందెలు ఇచ్చింది. రెండో వడపోత పొరకు ఉప్పు పట్టింది, గీకించాలి.

ఇంతవరకు రాస్తే నా ఉద్యోగం అయిపోయినట్టే. తేలూరు నీటి గదిలో నేను లేఖరిని. ఈ పుస్తకం ముందు వైపు యంత్రం సంగతులు రాస్తాను. వెనక నుంచి తిరగేసి ఇవి రాస్తున్నాను. మా ఇంట్లో అక్షరం నేర్చిన మొదటి మనిషిని నేనే. ఏ వైపు తిప్పినా చదవగలిగేవాళ్ళు ఇంట్లో ఇంకెవరూ లేరు.

పొద్దున లంగరు కార్యాలయం గోడ మీద జాబితా అంటించారు. వచ్చే పౌర్ణమి పోటుకు దూరపు నాచుతోటను ఇంకా దక్షిణానికి లాగుతారట. అక్కడ పనిచేస్తున్న ఒంటి పడవలన్నిటికీ శాశ్వత లంగరు. అంటే అవి ఇక తేలూరు తిరిగి రావు. జాబితాలో 611 ఉంది.

611 ఆమె పడవ. ఆమె పేరు ఇక్కడ రాయను. దూరపు నీళ్ళకు వెళ్ళిన మనిషి పేరు తిరిగి వచ్చేదాకా మేం పలకం, రాయం. పలికితే సముద్రం వింటుందని మావాళ్ళ భయం. నేను పదో తరగతి చదివాను. సముద్రానికి చెవులు లేవని తెలుసు. అయినా పదహారు నెలలుగా నా కలం ఆ పేరు రాయలేదు.

మాకు ఇల్లంటే పడవే. పద్దెనిమిదేళ్ళు నిండగానే ఎవరి పడవ వాళ్ళకు ఇస్తారు. ఆడవాళ్ళవి తూర్పు వరస, మగవాళ్ళవి పడమటి వరస. పెళ్ళయితే రెండు పడవలనూ ఒకే తాడుతో కట్టి లోపలి రేవులో చోటిస్తారు. తాడు పడ్డ పడవల్ని ఎవరూ విడదీయరు. తాడు లేనివాటిని ఎక్కడ పనుంటే అక్కడికి లాక్కుపోతారు.

నా పడవ 340. ఆమెదీ నాదీ తూర్పు వరసే.

జాబితా చూసి వచ్చి వడపోత పొర గీకించకుండానే కూర్చున్నాను. నీటి గదిలో తాళ్ళ పని చూసే సింహాచలం అప్ప వచ్చి నా చేతిలోంచి గీకుడు బిళ్ళ లాక్కుంది.

"నువ్వు కూకో. నాను గీకుతాను. అప్పీలు కాయితం ఇంకా రానేదా?"

"రాలేదప్పా."

"వొస్తాది. సెడ్డ కాయితాలు దారి మర్సిపోవు."


నమోదు 2
బహుళ షష్ఠి

మూడు వందల తొంభై బిందెలు. అప్పీలు కాగితం వచ్చింది.

"పడవ 340, పడవ 611. రెండూ తూర్పు వరసవి. ఒకే వరస పడవలకు తాడు నమోదు కుదరదు. అప్పీలు కొట్టివేయడమైనది." అంతే ఉంది. మా పేర్లు ఎక్కడా లేవు. లంగరు కార్యాలయం ఎప్పుడూ పడవల నంబర్లతోనే రాస్తుంది. నేను కూడా అర్జీలో నంబర్లే రాశాను.

కాగితం చదివి నవ్వాను. సింహాచలం అప్ప నా నుదురు పట్టి చూసింది.

"జొరం నేదు. మరెందుకే నవ్వుతావు?"

"ఇక్కడ తట్టాల్సిన తలుపులన్నీ తట్టాక గానీ అంతర్జాతీయ హక్కుల సమితి మన ఫిర్యాదు తీసుకోదప్పా. ఇదే ఆఖరి తలుపు. ఇది మూసుకుంది. ఇక అక్కడికి రాయొచ్చు."

"ఆళ్ళెక్కడుంటారు?"

"కొండల మధ్య ఒక ఊళ్ళో."

"కొండంటే?"

నాకూ తెలియదు. మునగని నేల అని చెప్పాను.

సమితి గురించి బడిలో చదివాను. ప్రతి మనిషికీ తనకు నచ్చిన మనిషితో ఇల్లు కట్టుకునే హక్కు ఉందని మన ప్రభుత్వం ఒక ఒడంబడిక మీద సంతకం పెట్టిందట. ఆ పాఠం చదివిన రోజు ఇంటికి పరుగెత్తి అమ్మకు చదివి వినిపించాను. అమ్మ చేప తోముతూ, "మంచి మాటలే రాసినారు. ఎవులికి రాసినారో" అంది.

ఫిర్యాదులో నా ఒక్కదాని గోడే ఉంటే బలం చాలదు. అందుకని ఊళ్ళో మరో అయిదుగురి వాంగ్మూలాలు తీసుకున్నాను. మొదటిది సింహాచలం అప్పది. ఆమె పుట్టినప్పుడు మగబిడ్డ అని రాశారు. యాభై ఏళ్ళుగా పడమటి వరసలోనే ఉంచారు. తాళ్ళు పేనడంలో, ముడులు వేయడంలో తేలూరులో ఆమెను మించినవాళ్ళు లేరు. స్నానానికి మాత్రం ఆడవాళ్ళ చాటుకు రానివ్వరు, మగవాళ్ళ మధ్య చేయడం ఆమె వల్ల కాదు. ఎండ ఎక్కకముందే చీకట్లో ముంచుకుని వస్తుంది.

వాంగ్మూలం రాశాక పైకి చదివి వినిపించాలి, ఒప్పుకుంటేనే వేలిముద్ర. చదువుతుంటే అప్ప చెయ్యి అడ్డం పెట్టింది.

"'అవమానాలకు గురవుతున్నాను' అనీసి రాసినావు. నానా మాట అన్నానా?"

"అనలేదు. అక్కడివాళ్ళకు అర్థం కావాలని..."

"నానన్నది రాయి. 'నా పేరు ఆడోళ్ళకీ ఉంటాది, మగోళ్ళకీ ఉంటాది. పేరుతో నాకు పేచీ నేదు. ఒరే అంటే పలకను. యాబై ఏళ్ళయి పలకనేదు.' అది రాయి."

అదే రాశాను. వేలిముద్ర వేసి, సిరా అంటిన వేలు నా ముక్కుకు రాసి వెళ్ళిపోయింది.


నమోదు 3
బహుళ ఏకాదశి

నాలుగు వందల ఒకటి. ఫిర్యాదు పంపాను. పౌర్ణమిలోగా తుది నిర్ణయం రాదు కాబట్టి, అది వచ్చేదాకా 611ని కదిలించకుండా ప్రభుత్వాన్ని ఆపమని కూడా అడిగాను.

ఆమె గురించి ఇలా రాశాను: "దూరపు నీళ్ళలో ఉన్నామె, పడవ 611." మావాళ్ళకైతే అంతకన్నా వివరం అక్కర్లేదు.

పని లేని మధ్యాహ్నం ఇది. పిలుపు బల్ల దాకా నడిచి వచ్చాను. రేవు చివర నీళ్ళ మీదికి పొడుచుకు వచ్చిన పలక అది. దూరపు నీళ్ళ పడవలు తిరిగొచ్చేటప్పుడు తాడు ఉన్న మనిషి దాని అంచున, పాదాలు ఉప్పునీళ్ళలో పెట్టి నిలబడి మొదటిసారి పేరు పిలవాలి. తాడు లేనివాళ్ళను తల్లి పిలుస్తుంది. పడవలోని మనిషి "ఓ" అని పలకాలి. అప్పుడే తాడు విసురుతారు, అప్పుడే దిగుతారు.

మూడేళ్ళ కిందట ఆమె మొదటిసారి వెళ్ళి తిరిగొచ్చింది. ఆమెకు తల్లి లేదు. బల్ల మీద ఎవరూ లేరు. నేను గట్టు మీద జనంలో, అమ్మ పక్కన నిలబడి ఉన్నాను. బల్లకు పన్నెండు అడుగుల దూరం. ఆమె పడవ ముందు భాగంలో నిలబడి, నా వైపు కాదు, బల్ల వైపు చూస్తూ ఉండిపోయింది. అందరూ దిగారు. చివరికి లంగరు కార్యాలయం గుమస్తా కొర్లయ్య బాబాయి విసుగ్గా "611" అని కేక వేశాడు. ఆమె నంబరుకు పలికి దిగింది.

ఆ తర్వాత ఆమె నన్నొక్క మాట అనలేదు. అదే పెద్ద శిక్ష అనిపించింది.

తర్వాత ఓ ఏడు రోజులు మా పడవలు పక్కపక్కన ఉన్నాయి. ఆమె పడవకు అడుగున చిల్లు పడిందని వంక చెప్పి సింహాచలం అప్ప రెండింటినీ బయటి రేవులో తలా తోకా కట్టింది. నా పడవ ముక్కు ఉత్తరానికి, ఆమెది దక్షిణానికి. సందులోంచి చెయ్యి చాపితే ఆమె పొయ్యి మీది గిన్నె అందేది. నాచు కూరలో చింతపండు ఎక్కువేస్తుంది. ఇప్పుడు నేనూ అలాగే వేస్తున్నాను. అయినా ఆ పులుపు రావడం లేదు.

పదహారు నెలల కిందట రెండోసారి లాగుడు ఓడ వచ్చినప్పుడు ఆమె తెల్ల కాగితం మీద వేలిముద్ర వేసి నా చేతికిచ్చింది.

"సదువుకున్నదానివి. ఏటి కావాలో రాసుకో. దేనికైనా నాను ఒప్పుకున్నట్టే." తర్వాత తాడు విప్పుతూ అడిగింది: "ఈసారొచ్చినప్పుడు పిలుస్తావేటి, పోలీ?"

ఓడ కూత వేసింది. జవాబు చెప్పడానికి అది అడ్డం అని అప్పుడు అనుకున్నాను. కూత ఆగాక కూడా చాలాసేపు ఆమె కనిపిస్తూనే ఉంది.


నమోదు 4
అమావాస్య

రెండు వందల నలభై. పోటు ఎక్కువగా ఉండి యంత్రం రెండుసార్లు ఆగింది.

సమితి కార్యాలయం నుంచి జాబు వచ్చింది. తెలుగులోనే ఉంది. అక్కడ మన భాష తెలిసిన దుబాసీ ఒకామె ఉందట.

"మీ ఫిర్యాదు చదివాం. అయిదుగురి వాంగ్మూలాలూ, మీ వివరాలూ సక్రమంగా ఉన్నాయి. అయితే ప్రధాన బాధితురాలి పేరు ఎక్కడా లేదు. పడవ నంబరు మాత్రమే ఉంది. సమితి పడవల ఫిర్యాదులు స్వీకరించదు, మనుషుల ఫిర్యాదులు స్వీకరిస్తుంది. ఆమె పేరు తెలపండి. ఆమె తరఫున రాస్తున్న మీరు ఆమెకు ఏమవుతారో కూడా తెలపండి."

మూడుసార్లు చదివాను. పద్దెనిమిది పేజీలు రాశాను. ఒడంబడికలోని ప్రతి నియమం చూసుకున్నాను. కామా కూడా తప్పు లేకుండా ఎత్తి రాశాను. పేరు లేకపోవడం నాకు లోపంగా కనిపించనే లేదు. ఈ ఊళ్ళో ఎవరు చదివినా వాళ్ళకీ కనిపించి ఉండేది కాదు.

సింహాచలం అప్పకు చెప్పాను. పేనుతున్న తాడు పక్కన పెట్టింది.

"పేరు సెప్తే ఆపుతారంటావా?"

"చెప్పకపోతే మాత్రం చదవరు."

"మరి రెండోదానికేటి రాస్తావు? ఏటవుతావు దానికి?"

జాబుతో వచ్చిన కాగితం మీద ఆ గడి అంగుళం పొడవుంది. స్నేహితురాలు అని రాసి కొట్టేశాను. పొరుగు పడవ అని రాసి కొట్టేశాను. భార్య అని రాయడానికి తాడు లేదు.


నమోదు 5
శుద్ధ తదియ

మూడు వందల డెబ్భై.

అమ్మకు చెప్పాల్సి వచ్చింది. చెప్పకుండా పేరు పలికితే ఆ భయాన్ని అమ్మ ఇంటి మీదికి తెచ్చినట్టవుతుంది. అమ్మ వల బాగు చేస్తోంది. నేను పేరు సంగతి ఎత్తగానే దారం కండె పక్కన పెట్టింది.

"ఏ పేరూ పలకడానికి నేదు. నాయింట్లో నేదు."

"అమ్మా, ఇది..."

"నాకు తెలదనుకున్నావేటే? మూడేళ్ళ కిందట గట్టు మీద నా సెయ్యి నలిపీసినావు. ఎముకలు ఇరిగిపోతాయనుకున్నాను. అప్పుడే తెలిసింది. నానేటి అన్నానా? తిట్టినానా?"

నేను వల కొస పట్టుకుని పక్కన కూర్చున్నాను.

"మీ నాయిన ఎల్లిన మూడో రోజు నీకు జొరం. ఒళ్ళు కాలిపోతుంటే బెంగట్టుకుని ఆయన్ని పేరెట్టి పిలిసేసినాను. ఒక్కపాలి. ఇయ్యాల్టికి పంతొమ్మిదేళ్ళు."

"అది తుఫాను అమ్మా. ఆ వారం పదకొండు పడవలు పోయాయి. బడి పుస్తకంలో ఉంది."

"పదకొండు ఇళ్ళల్లో ఎంతమంది పిలిసినారో పుస్తకంలో ఉందేటి?"

అమ్మ మళ్ళీ కండె తీసుకుంది గానీ కన్నం దొరకలేదు. నేను తీసుకుని రెండు కళ్ళు అల్లాను. చూసి విప్పేసి, "వదులుగా ఏసినావు" అంది.

ఆ పూట ఇద్దరం తినలేదు.


నమోదు 6
శుద్ధ సప్తమి

నాలుగు వందల ఎనిమిది.

సమితి నుంచి మళ్ళీ జాబు. గడువు తక్కువ ఉంది కాబట్టి పేరూ సంబంధమూ విచారణలో నోటితో చెప్పినా సరిపోతుందట. ఏకాదశి నాడు, బడి తెర మీద పది నిమిషాలు. రహస్య విచారణ కోరితే పేరు సమితికీ ప్రభుత్వానికీ తప్ప ఎవరికీ తెలియదు. బహిరంగ విచారణ అయితే సముద్ర రేడియోలో ప్రసారం చేస్తారు. ఏది కావాలో ఈరోజే చెప్పాలి.

రహస్యంగా చెప్పడం తేలిక. ఉద్యోగం ఉంటుంది. అమ్మను ఎవరూ ఏమీ అనరు. కొర్లయ్య బాబాయి కూడా ఆ మాటే అన్నాడు. చెడ్డవాడు కాదు, జాబితా అంటించేటప్పుడు 611 దగ్గర ఆగి నా వైపు చూశాడు.

"లేఖరమ్మా, పేరు పదిమందిలో పడితే నీ 340 కూడా జాబితాలోకి ఎక్కేస్తాది. లేఖరులను పంపరనేది రివాజే, రూలు కాదు."

"ఎక్కిస్తే నన్నూ అక్కడికే పంపుతారా?"

"ఎక్కడికో పంపుతారు. ఆడికే పంపితే శిక్షెలా అవుతాది?"

దూరపు నాచుతోటలో మైలుకొక పడవ ఉంటుందని విన్నాను. మాట్లాడుకోవడానికి మనుషులుండరు. ప్రతి పడవలో రోజంతా సముద్ర రేడియో మోగుతూ ఉంటుందట, తుఫాను కబుర్ల కోసం. అక్కడి నుంచి ఇక్కడికి మాత్రం మీటలతో కొట్టే పని లెక్కలు తప్ప ఏమీ పంపనివ్వరు.

రోజంతా మోగుతూ ఉంటుంది. ఆ మాట దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది.

బహిరంగ విచారణ అని రాసి పంపాను. పంపాక వడపోత గదిలోకి వెళ్ళి నీళ్ళ చప్పుడులో కాసేపు కూర్చున్నాను.


నమోదు 7
శుద్ధ ఏకాదశి

బిందెలు లెక్కపెట్టలేదు. సింహాచలం అప్ప గోడ మీద బొగ్గుతో గీతలు గీసింది. రేపు కూడుకుంటాను.

ఎండ ఎక్కేసరికి బడికి వెళ్ళాను. బల్ల ముందు కుర్చీ, ఎదురుగా తెర. అప్ప సాక్షిగా నా పక్కన, ఉతికిన చీర కట్టుకుని, జడలో నాచుపువ్వు పెట్టుకుని కూర్చుంది. తెర వెలగబోతుండగా తలుపు దగ్గర అమ్మ కనిపించింది. నడుం మీద ఇత్తడి బేసిను, నిండా నీళ్ళు. ఒలకకుండా నడిచి వచ్చి బల్ల కింద పెట్టింది.

"కాళ్ళెట్టు."

ముట్టుకుంటే చల్లగా, ఉప్పగా ఉంది. పిలుపు బల్ల దగ్గర ముంచుకొచ్చిన నీళ్ళు.

"అమ్మా..."

"పిలిస్తే పద్ధతిగా పిలు. దొంగతనంగా పిలిసినాననే మీ నాయిన రానేదేమో. నాకేటి తెలుసు." అని వెనక్కి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడింది.

తెర మీద ముగ్గురు సభ్యులు వచ్చారు. మధ్యలో కూర్చున్నది తెల్లజుట్టు పెద్దామె. దుబాసీ గొంతు మాత్రమే వినిపించింది. పక్క గడిలో మన లంగరు శాఖ ప్రతినిధి. ఆయన ముందు మాట్లాడాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"ఇది ఎవరి మీదా వివక్ష కాదు. ఆడవారి పడవలకు కొక్కెం కుడివైపు, మగవారి పడవలకు ఎడమవైపు ఉంటుంది. ఆ రెండూ పక్కపక్కన పెడితేనే కొక్కేలు ఎదురెదురుగా వస్తాయి. ఒకే వరస పడవలను కట్టడం నిర్మాణపరంగా సాధ్యం కాదు."

పెద్దామె దీనికి నా సమాధానం అడిగింది. నేను కాగితాలు వెతుక్కుంటున్నాను. సింహాచలం అప్ప ముందుకు వంగింది.

"బాబూ, తమరెప్పుడైనా పడవ కట్టినారా?"

ఆయన లేదన్నాడు.

"మా నీటి తొట్టి పడవలు రెండు. రెండింటికీ కుడిపక్కే కొక్కెం. ఒకదాని ముక్కు ఉత్తరానికి, రెండోదాని ముక్కు దచ్చినానికి తిప్పితే కొక్కేలు ఎదురెదురుగా వొచ్చేస్తాయి. పన్నెండేళ్ళ కిందట నానే కట్టినాను. నాలుగు తుఫానులు సూసినాయి. ఆటిని ఏ వరసని ఎవులూ అడగనేదు బాబూ. నీళ్ళు కావాల గదా."

దుబాసీ అనువదిస్తూ మధ్యలో ఒకసారి ఆగింది. నవ్వు ఆపుకుందేమో. పెద్దామె ఏదో రాసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"మీరు ఎవరి తరఫున వచ్చారో ఆమెకు మీరు ఏమవుతారు?"

రాసుకొచ్చిన జవాబు ఉంది. 'సహజీవన భాగస్వామి' అని మంచి మాట, ఒడంబడికలో ఉన్నదే. చదవబోయాను. బేసినులో నీళ్ళు కాలి వేళ్ళ మధ్య కదిలాయి.

"నేను ఆమెను పిలవాల్సిన మనిషినండి," అన్నాను. "మా ఊళ్ళో దూరం నుంచి వచ్చిన మనిషిని పేరు పెట్టి పిలిచే హక్కు తాడు ఉన్నవాళ్ళది, లేదా తల్లిది. ఆమెకు తల్లి లేదు. మాకు తాడు ఇవ్వలేదు. మూడేళ్ళ కిందట ఆమె వచ్చింది. నేను అక్కడే ఉండి కూడా పిలవలేదు. భయపడ్డాను. ఆమెను నంబరు పెట్టి దించారు. నేను అడిగేది పెద్దదేం కాదండి. ఆమె రావాలి. వచ్చినప్పుడు బల్ల మీద నేను నిలబడాలి. ఆమె వేలిముద్ర నా దగ్గర ఉంది, ఇదిగో."

కాగితం తెరకు చూపించాను. నాలుగు మడతల మీద అరిగిపోయి ఉంది.

"ఇది బహిరంగ విచారణ. ఆమె పేరు చెప్పడానికి మీకు అభ్యంతరం లేదా?"

వెనక్కి చూశాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. తల ఊపలేదు, వద్దనీ అనలేదు. నా పాదాల వైపు చూస్తోంది, అవి నీళ్ళలో ఉన్నాయా లేదా అని.

లేచి నిలబడ్డాను. కూర్చుని పిలవకూడదు. తెరలో నా తల తెగి కనిపించి ఉంటుంది.

"మైలపల్లి నూకరత్నం," అన్నాను.

అది పేరు చెప్పడమే, పిలవడం కాదు. కాబట్టి ఊపిరి పీల్చుకుని, రేవు నుంచి నీళ్ళ మీదికి ఎంత గొంతుతో పిలుస్తారో అంత గొంతుతో మళ్ళీ పిలిచాను.

"నూకరత్నం... ఓ నూకరత్నం..."

బడి రేకులు మోగాయి. దుబాసీ అనువదించలేదు. కొండల మధ్య ఆ గదిలో ముగ్గురూ తెర వైపే చూస్తున్నారు. వాళ్ళకు అర్థమయిందో లేదో తెలియదు. మేం అలవాటు ప్రకారం జవాబు కోసం ఆగాం. రాదని తెలుసు.

బయటికి వచ్చాక అప్ప అంది: "గొంతు బాగానే ఉందే నీకు. మూడేళ్ళు ఎక్కడ దాసినావు?"

అమ్మ బేసిను ఎత్తుకుని రేవుకు వెళ్ళి ఆ నీళ్ళు తిరిగి సముద్రంలో పోసింది.


నమోదు 8
శుద్ధ చతుర్దశి

నాలుగు వందల ఇరవై. ఈ నెలలో ఇదే ఎక్కువ.

సమితి జాబు మధ్యాహ్నం వచ్చింది. "మైలపల్లి నూకరత్నం, గరికిన పోలేశ్వరి, సింహాచలం మరియు ఇతరుల ఫిర్యాదును విచారణకు స్వీకరించాం. తుది నిర్ణయం వెలువడే వరకు మైలపల్లి నూకరత్నం పడవను ప్రస్తుత స్థానం నుంచి తరలించవద్దని ప్రభుత్వాన్ని కోరుతున్నాం."

ఆమె పేరూ నా పేరూ ఒకే వరసలో, మధ్యలో కామా ఒక్కటే. అలా రాసి ఉండటం మొదటిసారి చూశాను. అప్ప తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది, ముందు 'శ్రీ' గానీ 'శ్రీమతి' గానీ లేదని నిర్ధారించుకుని, "ఉత్త పేరు. బాగుంది" అంది.

తుది నిర్ణయానికి ఏడాది పట్టొచ్చు, మూడేళ్ళూ పట్టొచ్చు. కోరడం అంటే ఆపడం కాదు కూడా. సమితికి ఓడలు లేవు, తాళ్ళు లేవు. ప్రభుత్వం వింటే విన్నట్టు, లేకపోతే లేదు. కొర్లయ్య బాబాయిని అడిగాను. పైనుంచి ఇంకా ఏమీ రాలేదన్నాడు. నా 340 గురించి కూడా ఏమీ రాలేదట. లాగుడు ఓడ మాత్రం పొద్దునే దక్షిణానికి వెళ్ళిపోయింది.

రేపు పౌర్ణమి. అమ్మ వల ముందేసుకుని కూర్చుంది గానీ కండె ముట్టుకోలేదు. నేను పక్కన కూర్చున్నాను. నూకరత్నం పేరు బయటపడిపోయింది కదా, ఇక ఎన్నిసార్లయినా అనుకోవచ్చు. అనుకుంటూనే ఉన్నాను. ప్రతిసారీ భయం వేస్తోంది.


నమోదు 9
బహుళ విదియ

నాలుగు వందల ఆరు బిందెలు. మూడో పొర మార్చాలి.

దూరపు నీళ్ళ పని లెక్కలు వచ్చాయి, చూసి పొమ్మని కొర్లయ్య బాబాయి కబురు పెట్టాడు. వెళ్ళేసరికి కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉన్నాడు.

"లాగుడు జాబితాలో నలభై పడవలున్నాయి. ముప్పై తొమ్మిదింటికి కొత్త స్థానం పడింది. ఒకదానికి పాత స్థానమే ఉంది. ఎవులు సెప్పినారో, ఎవులు ఆపినారో నాకు తెలదు. నన్నడక్కు."

కాగితం నా వైపు తిప్పాడు.

"అది కాదు గానీ, ఈ లెక్కలో తప్పొకటి పడింది. నువ్వు సూసి సరిసెయ్యి. 'ఇతర విషయాలు' అనే గడిలో ఎవులూ ఎప్పుడూ ఏటీ రాయరు."

చదివాను.

"పడవ 611. నాచుతాళ్ళు: ముప్పై నాలుగు. తెగినవి: రెండు. మంచినీళ్ళు: సరిపోతాయి. ఇతర విషయాలు: ఓ."

మళ్ళీ చదివాను. అక్షరం చదవడం నేర్చుకున్నప్పుడు బడిలో ఒక్కొక్కటే వేలు పెట్టి చదివేదాన్ని. అలాగే వేలు పెట్టాను.

"మీట జారి పడినట్టుంది," అన్నాడు బాబాయి. "కొట్టీమంటావా?"

"వద్దు బాబాయ్. ఉంచండి."

"ఉంచితే పైవాళ్ళు ఇదేటని అడుగుతారు. జవాబు రాయాల మరి."

"అక్కర్లేదు," అన్నాను. "అదే జవాబు."